ఫైనల్ దాకా వచ్చి ఆగిన జర్మన్ క్రీడాకారిణులు: ఆస్ట్రిడ్ క్రెబ్స్‌బాఖ్ రికార్డును ఎలా చదవాలి?

సంక్షిప్తంగా: రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీ మహిళలు టేబుల్ టెన్నిస్‌లో రెండుసార్లు ప్రపంచ జట్టు కప్పు, రెండుసార్లు డబుల్స్ టైటిల్ గెలిచారు. సింగిల్స్‌లో మాత్రం ఐదు ఫైనళ్లు ఆడి ఐదూ ఓడారు. వాటిలో రెండు ఓటములు ఆస్ట్రిడ్ క్రెబ్స్‌బాఖ్ అనే ఒక్క క్రీడాకారిణివే. దీన్ని ఒత్తిడికి తట్టుకోలేని బలహీనతగా చూడటం తేలిక. కానీ అప్పటి పోటీల స్వరూపం, నెట్ ఎత్తు, దేశాల సరిహద్దులు మారిన తేదీలు కలిపి చూస్తే లెక్క వేరుగా కనిపిస్తుంది.

పట్టికలో కనిపించేది

ప్రపంచ టేబుల్ టెన్నిస్ మహిళల సింగిల్స్ విజేతల జాబితాను 1926 నుంచి నేటి వరకూ ఎంత వెతికినా జర్మనీ పేరు కనబడదు. కానీ పక్కనున్న రన్నరప్ వరుస చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1928లో ఎరికా మెట్స్‌గర్, 1931లో మోనా ముల్లర్-ర్యూస్టర్, 1934లో ఆస్ట్రిడ్ క్రెబ్స్‌బాఖ్, 1936లో మళ్లీ ఆమే, 1939లో ట్రూడె ప్రిట్సి. అప్పటికి జరిగిన ఛాంపియన్‌షిప్‌లు పదమూడు. వాటిలో ఐదింట జర్మనీ తరఫున ఆడిన అమ్మాయి ఆఖరి మ్యాచ్ దాకా వచ్చింది.

జట్టు పోటీల జాబితా తీస్తే బొమ్మ తిరగబడుతుంది. మహిళల జట్లకు ఇచ్చే కోర్బియోన్ కప్పును మొట్టమొదట గెలిచింది జర్మనీయే. యుద్ధానికి ముందు ఆఖరిసారి గెలిచిందీ జర్మనీయే. డబుల్స్‌లో 1929లో ఒకసారి, 1939లో ఒకసారి జర్మన్ జోడీలు ప్రపంచ విజేతలయ్యాయి.

జట్టుగా ఆడితే గెలిచి, ఒంటరిగా ఆడితే ఆఖరి మెట్టు మీద ఆగిపోవడం ఒక్క మనిషి విషయంలో జరిగితే స్వభావం అనుకోవచ్చు. నలుగురు వేర్వేరు క్రీడాకారిణుల విషయంలో, పదకొండేళ్ల వ్యవధిలో జరిగితే కారణాలు ఆట బయట కూడా వెతకాలి.

తేదీల చిక్కు, ఇంటిపేర్ల చిక్కు

ఈ కాలపు రికార్డులు చదివేవారిని ముందుగా తికమక పెట్టేవి తేదీలు. తొలి ప్రపంచ పోటీలు 1926 డిసెంబరులో లండన్‌లో జరిగాయి. రెండోవి 1928 జనవరిలో స్టాక్‌హోమ్‌లో. మధ్యలో 1927 ఖాళీ. అప్పట్లో టేబుల్ టెన్నిస్ శీతాకాలపు ఆట, సీజన్ శరదృతువులో మొదలై వసంతంలో ముగిసేది. అందుకే క్యాలెండర్ సంవత్సరానికీ సీజన్‌కూ పొంతన కుదరదు. 1933 ఫిబ్రవరిలో ఒక ఛాంపియన్‌షిప్, అదే ఏడాది డిసెంబరులో పారిస్‌లో ఇంకొకటి జరిగాయి. రెండోదాన్ని 1934 సీజన్ కింద లెక్కిస్తారు. క్రెబ్స్‌బాఖ్ తొలి ఫైనల్‌ను ఒకచోట 1933 అనీ, మరోచోట 1934 అనీ రాయడానికి కారణం ఇదే. రెండూ ఒకే మ్యాచ్.

ఊరి పేరు కూడా దారి తప్పిస్తుంది. 1933, 1937 పోటీలు జరిగిన బాడెన్ వియన్నా పక్కనున్న ఆస్ట్రియా పట్టణం. జర్మనీలోని బాడెన్-బాడెన్‌కూ దీనికీ సంబంధం లేదు.

ఇక ఇంటిపేర్లు. 1929లో డబుల్స్ గెలిచిన మోనా ర్యూస్టర్, 1931 ఫైనల్ ఆడిన మోనా ముల్లర్-ర్యూస్టర్ ఒకరే. పెళ్లయ్యాక ఇంటిపేరు మారింది. అనీటా ఫెల్గూట్ కొన్ని జాబితాల్లో డెంకర్‌గా ఉంటుంది. క్రెబ్స్‌బాఖ్ కొన్నిచోట్ల హోబోమ్. పురుషుల రికార్డుల్లో లేని ఈ తలనొప్పి వల్ల, ఒకే క్రీడాకారిణి పతకాలు ఇద్దరి ఖాతాలో పడి ఆమె స్థాయి సగంగా కనబడుతుంది. తొలితరం క్రీడాకారిణులు పెద్దగా గుర్తుండకపోవడానికి ఇదీ ఒక కారణమే.

హంగేరీ ఏకఛత్రాధిపత్యంలో తొలి తరం

అంతర్జాతీయ సమాఖ్యకు బీజం పడింది బెర్లిన్‌లోనే. 1926 జనవరిలో జర్మనీకి చెందిన డాక్టర్ గేయోర్గ్ లేమన్ చొరవతో ఇంగ్లండ్, హంగేరీ, ఆస్ట్రియా, జర్మనీ ప్రతినిధులు అక్కడ సమావేశమయ్యారు. అదే ఏడాది చివర లండన్‌లో సమాఖ్య నిబంధనావళి ఆమోదం పొందింది. ఇంగ్లండ్‌కు చెందిన ఐవర్ మాంటెగ్యు దాన్ని నడిపించాడు. స్థాపక దేశాల్లో భారత్ కూడా ఉందన్న సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు.

ఆట మీద పట్టు మాత్రం హంగేరీది. మారియా మెద్‌న్యాన్‌స్కీ మొదటి ఐదు ఛాంపియన్‌షిప్‌ల సింగిల్స్ టైటిళ్లనూ వరసగా గెలుచుకుంది. ఆరోదీ ఏడోదీ అదే దేశపు అన్నా షిపోష్ గెలిచింది. ఆ రెండు ఫైనళ్లలోనూ ఓడింది మెద్‌న్యాన్‌స్కీయే. అంటే 1926 నుంచి 1933 ఫిబ్రవరి దాకా సింగిల్స్ కిరీటం బుడాపెస్ట్ దాటి పోలేదు.

1928లో మెట్స్‌గర్, 1931లో ముల్లర్-ర్యూస్టర్ ఓడిపోయింది ఈ మెద్‌న్యాన్‌స్కీ చేతిలోనే. ఆ కాలంలో ఆమె చేతిలో ఓడటం ఏ దేశం అమ్మాయికైనా మామూలే. వేల్స్ క్రీడాకారిణి, ఆస్ట్రియా క్రీడాకారిణి కూడా ఆమెతో ఫైనల్ ఆడి ఓడినవారే. కాబట్టి ఐదు ఓటముల్లో మొదటి రెండింటికి ప్రత్యేకంగా జర్మన్ కారణం వెతకనక్కర్లేదు.

ఈ తరం సాధించిన అసలు విజయం 1929 బుడాపెస్ట్‌లో వచ్చింది. మెట్స్‌గర్, ర్యూస్టర్ జోడీ ప్రత్యర్థుల సొంత ఊళ్లో మహిళల డబుల్స్ గెలిచింది. తర్వాత వింబుల్డన్ టెన్నిస్ విజేతగా జగత్ప్రసిద్ధుడైన ఫ్రెడ్ పెర్రీ పురుషుల సింగిల్స్ గెలిచింది కూడా ఈ పోటీల్లోనే. పెర్రీ విజయం గురించి పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి, జర్మన్ జోడీకి దక్కింది జాబితాలో ఒక వరుస. మరుసటి ఏడాది నుంచి మెద్‌న్యాన్‌స్కీ, షిపోష్ ఒకే జోడీగా ఆడటంతో ఆ తలుపు కూడా చాలాకాలం మూసుకుపోయింది.

ఇంకో విషయం. పురుషుల జట్లకు స్వేత్లింగ్ కప్పు మొదటి నుంచీ ఉంది. మాంటెగ్యు తల్లి లేడీ స్వేత్లింగ్ బహూకరించిన కప్పు అది. మహిళలకు అలాంటి జట్టు పోటీ 1933 చివరి దాకా లేనేలేదు. ఇద్దరు ముగ్గురు మంచి క్రీడాకారిణులున్న దేశం తన లోతును చూపించుకోవడానికి అంతవరకూ వేదికే లేదు. మెట్స్‌గర్ తరం నిజంగా ఏ స్థాయిదో సింగిల్స్ రికార్డుతోనే అంచనా వేయవలసి రావడం ఆ తరానికి జరిగిన అన్యాయం.

పారిస్: కప్పు వచ్చింది, టైటిల్ రాలేదు

ఫ్రెంచ్ టేబుల్ టెన్నిస్ సమాఖ్య అధ్యక్షుడు మార్సెల్ కోర్బియోన్ 1933లో మహిళల జట్టు పోటీకి కప్పు ఇచ్చాడు. ఆ డిసెంబరులో పారిస్‌లో తొలిసారి పోటీ జరిగితే దాన్ని జర్మనీ గెలుచుకుంది. జట్టులో ముగ్గురు: ఆస్ట్రిడ్ క్రెబ్స్‌బాఖ్, అనీటా ఫెల్గూట్, మోనా ముల్లర్-ర్యూస్టర్. 1929 నాటి అనుభవం ఒకవైపు, కొత్త తరం మరోవైపు.

అదే పోటీల్లో క్రెబ్స్‌బాఖ్ సింగిల్స్ ఫైనల్‌కూ చేరింది. హంగేరీ పట్టు అప్పుడే సడలింది. అయితే ఆ ఖాళీలోకి దూసుకొచ్చింది చెకోస్లొవేకియా రాజధాని ప్రేగ్‌కు చెందిన మరీ కెట్‌నెరోవా. ఫైనల్ ఆమె గెలిచింది. మరుసటి పోటీల్లో టైటిల్ నిలబెట్టుకుంది కూడా. ఒక్కసారి మెరిసి మాయమైన ప్రత్యర్థి కాదు.

పారిస్ ఫలితాన్ని విడిగా చూస్తే క్రెబ్స్‌బాఖ్‌కు దక్కింది సగం విజయం. కాలంతో కలిపి చూస్తే మరో కోణం ఉంది. హిట్లర్ అధికారంలోకి వచ్చి అప్పటికి పది నెలలు దాటింది. జర్మనీలో క్రీడా సంఘాలన్నీ నాజీ ప్రభుత్వ అదుపులోకి వెళ్లాయి, క్లబ్బుల నుంచి యూదులను వెళ్లగొట్టారు. మధ్య యూరప్ టేబుల్ టెన్నిస్‌లో యూదు క్రీడాకారుల పాత్ర చాలా పెద్దది. విక్టర్ బార్నా, మిక్లోష్ సబాదోష్, అన్నా షిపోష్ లాంటివారు లేని అప్పటి ఆటను ఊహించలేం. తమ దేశంలో క్లబ్బు గుమ్మం తొక్కనివ్వని సమాజానికి చెందినవారితోనే జర్మన్ జట్టు విదేశాల్లో తలపడింది. క్రీడాకారిణుల వ్యక్తిగత అభిప్రాయాలేమిటో పతకాల పట్టిక చెప్పదు, దాని నుంచి ఊహించడమూ సరికాదు. కానీ 1933 తర్వాత వచ్చిన ప్రతి జర్మన్ విజయం వెనుక కొందరికి ఆడే అవకాశమే లేకుండా చేసిన వ్యవస్థ ఉందన్నది మరిచిపోకూడని నేపథ్యం.

జట్టు బలం వేరు, ఒక్కరి శిఖరం వేరు

జట్టు కప్పు గెలిచిన దేశానికే సింగిల్స్ టైటిల్ కూడా రావాలని అనుకోవడం సహజం. ఆ ఆరేళ్ల ఫలితాలు చూస్తే ఆ ఊహ నిలవదు.

1934 సీజన్‌లో కప్పు జర్మనీది, సింగిల్స్ చెకోస్లొవేకియాది. 1935లో రెండూ చెకోస్లొవేకియావే. 1936లో కప్పు చెకోస్లొవేకియాకు వెళ్తే సింగిల్స్ అమెరికాకు వెళ్లింది. 1937లో కప్పు అమెరికాది, సింగిల్స్‌లో విజేతనే ప్రకటించలేదు. ఆ కథ కింద ఉంది. 1938లో కప్పు చెకోస్లొవేకియాకు, సింగిల్స్ ఆస్ట్రియాకు. 1939లో కప్పు జర్మనీకి, సింగిల్స్ చెకోస్లొవేకియాకు.

ఆరు పోటీల్లో రెండూ పూర్తిగా ఒకే దేశానికి దక్కింది ఒక్కసారే. అంటే జర్మనీకి ఎదురైంది అసాధారణ దురదృష్టం కాదు, అప్పటి ఆనవాయితీయే. జట్టు పోటీలో ఒక క్రీడాకారిణి ఓడినా మరొకరు సరిదిద్దుతారు. డబుల్స్ మ్యాచ్ ఇంకో ఆధారం. అక్కడ సమాన స్థాయిలో ఉన్న ఇద్దరు ముగ్గురు కావాలి. సింగిల్స్‌కు ఇదేమీ అక్కర్లేదు, ఆ వారంలో అందరికంటే మెరుగైన ఒక్క మనిషి చాలు. కెట్‌నెరోవా ఉన్న దేశం 1934 సీజన్‌లో జట్టు కప్పు గెలవలేకపోయింది. క్రెబ్స్‌బాఖ్, ఫెల్గూట్, ముల్లర్-ర్యూస్టర్ ముగ్గురున్న దేశం ఒక్క కెట్‌నెరోవాను ఫైనల్లో ఆపలేకపోయింది. రెండూ ఒకే నాణేనికి రెండు ముఖాలు.

ఈ ఆరు ఫైనళ్లలో మూడింట జర్మన్ క్రీడాకారిణి ఉంది. చెకోస్లొవేకియా నాలుగింట ఉంది. హంగేరీకి దక్కింది ఒక్క 1935 ఫైనల్, అక్కడ మాగ్దా గాల్ ఓడింది. హంగేరీ తర్వాతి యుగంలో జర్మనీ రెండో బలమైన దేశమన్నది ఈ లెక్కలో తేలుతుంది.

ప్రేగ్ 1936: ఎత్తయిన నెట్, తెగని ర్యాలీలు

క్రెబ్స్‌బాఖ్ రెండో ఫైనల్ ప్రేగ్‌లో, 1936 మార్చిలో. ప్రత్యర్థి అమెరికాకు చెందిన రూత్ ఆరన్స్. వయసు 17. ఆరన్స్ గెలిచింది. ప్రపంచ సింగిల్స్ కిరీటం అమెరికాకు రావడం అదే మొదలు. పురుషుల్లో గానీ మహిళల్లో గానీ ఆ ఘనత సాధించిన మరో అమెరికన్ ఇప్పటికీ లేరు.

ఈ ఓటమిని అర్థం చేసుకోవాలంటే అప్పటి ఆట ఎలా ఉండేదో తెలియాలి. నేటి టేబుల్ టెన్నిస్ చూసిన కళ్లకు అది వేరే ఆటలా తోస్తుంది. టేబుల్ కొలతలు ఇవే: తొమ్మిది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. నెట్ మాత్రం 6¾ అంగుళాలు, అంటే దాదాపు 17 సెంటీమీటర్లు. ఇప్పటి నెట్ 15.25 సెంటీమీటర్లే. బ్యాట్ మీద చిన్నచిన్న బొడిపెలున్న పలుచని రబ్బరు, దాని కింద చెక్క. స్పాంజి లేదు. గేమ్ 21 పాయింట్లకు.

ఒక ర్యాలీని దగ్గర నుంచి చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. ఒక క్రీడాకారిణి బంతి అడుగు భాగాన్ని బ్యాట్‌తో మెల్లగా కోసినట్టు నెట్టుతుంది. బంతి వెనక్కి తిరుగుతూ నెట్ దాటి అవతల పడుతుంది. ఆ తిరుగుడు వల్ల అది అవతలి బ్యాట్‌కు తగలగానే కిందికి జారాలని చూస్తుంది. ఎదుటి క్రీడాకారిణి ముందు రెండు దారులు. గట్టిగా కొట్టాలంటే కిందికి జారే బంతిని పైకి లేపి, 17 సెంటీమీటర్ల నెట్ దాటించి, టేబుల్ చివర లోపల దింపాలి. స్పాంజి లేని రబ్బరు బంతిని నేటి బ్యాట్‌లా పట్టి ముందుకు తిప్పలేదు కాబట్టి కొట్టిన బంతి చప్పున వంగి కిందికి దిగదు. కొంచెం వేగం ఎక్కువైతే బయటికి, తక్కువైతే నెట్‌కు. ఒకవేళ సరిగ్గా పడినా, అవతలి మనిషి టేబుల్‌కు దూరంగా జరిగి దాన్ని మళ్లీ కోసి పంపుతుంది. మొదటికొస్తుంది. రెండో దారి: తనూ మెల్లగా తిరిగి నెట్టడం. ఇందులో తప్పు జరిగే ప్రమాదం దాదాపు లేదు.

ఇద్దరూ తెలివైనవారే అయితే ఇద్దరూ రెండో దారే ఎంచుకుంటారు. ఫలితం, ఎవరికి ముందు విసుగొస్తుందో వారు ఓడే ఆట.

ప్రేగ్‌లో ఇది పరాకాష్ఠకు చేరింది. పురుషుల పోటీల్లో పోలండ్‌కు చెందిన అలోయ్‌జీ ఎర్లిక్, రుమేనియాకు చెందిన ఫర్కాష్ పానెట్ మధ్య మ్యాచ్‌లో మొదటి పాయింటుకే రెండు గంటలకు పైగా పట్టింది. ఒక్క పాయింటుకు. మరో మ్యాచ్ ఏడు గంటలు దాటింది. ఆస్ట్రియా, రుమేనియా పురుషుల జట్ల మ్యాచ్ రోజుల తరబడి సాగింది. ప్రేక్షకులు లేచి వెళ్లిపోతే ఆట బతకదని సమాఖ్యకు అర్థమైంది ఇక్కడే.

ఇలాంటి వాతావరణంలో అత్యున్నత స్థాయిలో ఉన్న ఇద్దరి మధ్య తేడా సన్నగా ఉంటుంది. వేగంతో, బలంతో ఆ తేడాను పెంచుకునే వీలు పరికరాలే ఇవ్వవు. రెండేళ్ల తేడాలో రెండు ఫైనళ్లకు, అదీ రెండు వేర్వేరు దేశాల నుంచి వచ్చిన, ప్రపంచ విజేతలైన ప్రత్యర్థుల ముందుకు చేరగలగడం క్రెబ్స్‌బాఖ్ నిలకడకు రుజువు. మధ్యలో ఒక్కసారి మాత్రమే, 1935లో, ఫైనల్ తప్పింది. యుద్ధానికి ముందు జర్మనీలో ఇలా రెండు ప్రపంచ సింగిల్స్ ఫైనళ్లు ఆడినవారు ఇంకెవరూ లేరు.

బాడెన్ 1937, వెంబ్లీ 1938: ఆరు వారాల తేడా

ప్రేగ్ అనుభవం తర్వాత మ్యాచ్‌లకు కాలపరిమితి పెట్టారు. 1937 బాడెన్ పోటీల మహిళల ఫైనల్లో ఆరన్స్, ఆస్ట్రియాకు చెందిన 17 ఏళ్ల ట్రూడె ప్రిట్సి తలపడ్డారు. ఇద్దరూ తగ్గలేదు, ఇద్దరూ తెగించి కొట్టలేదు. గంటా నలభై ఐదు నిమిషాల పరిమితి దాటింది. అధికారులు ఇద్దరినీ అనర్హులుగా ప్రకటించి టైటిల్ ఖాళీగా వదిలేశారు. 2001లో, అరవై నాలుగేళ్ల తర్వాత, అంతర్జాతీయ సమాఖ్య మనసు మార్చుకుని ఇద్దరినీ సంయుక్త విజేతలుగా గుర్తించింది. అప్పటికి వారిద్దరూ జీవించి లేరు. పాత పుస్తకాల్లో ఆ ఏడాది ఎదురుగా గీత, కొత్త జాబితాల్లో రెండు పేర్లు కనిపించడానికి కారణం ఇదే.

నెట్‌ను ఆరంగుళాలకు తగ్గించిన మార్పు కూడా ఈ కాలానిదే. ఇప్పటి నిబంధన ఇంకా సూక్ష్మమైనది: ఒక గేమ్ పది నిమిషాలు దాటినా తగినన్ని పాయింట్లు పడకపోతే, బంతి అందుకునే వ్యక్తి పదమూడుసార్లు సరిగ్గా తిప్పి పంపగలిగితే పాయింటు ఆ వ్యక్తిదే. బాడెన్ ఫైనల్‌కు ఆ సూత్రం ఉండి ఉంటే విజేత తేలేది.

1938 జనవరిలో లండన్‌లోని వెంబ్లీలో ప్రిట్సి చెకోస్లొవేకియాకు చెందిన వ్లాస్తా డెపెట్రిసోవాను ఓడించి సింగిల్స్ గెలిచింది. ఆడింది ఆస్ట్రియా తరఫున. మార్చి 12న జర్మన్ సైన్యం ఆస్ట్రియాలో అడుగుపెట్టింది. ఆస్ట్రియా అనే దేశమూ, దాని టేబుల్ టెన్నిస్ జట్టూ రాజకీయ పటం మీద నుంచి తుడిచిపెట్టుకుపోయాయి. మరుసటి ఏడాది ప్రిట్సి ఆడింది జర్మనీ జట్టులో.

జర్మనీకి సింగిల్స్ టైటిల్ లేకపోవడం అనే విషయం ఈ ఆరు వారాల దగ్గర సాంకేతికంగా మారిపోతుంది. వెంబ్లీ పోటీలు ఆ వసంతంలో జరిగి ఉంటే టైటిల్ జర్మనీ ఖాతాలో పడేది. అలా పడి ఉంటే అది జర్మన్ టేబుల్ టెన్నిస్ గొప్పతనానికి కొలమానమయ్యేదా అన్నది వేరే ప్రశ్న. ప్రిట్సిని తయారుచేసింది వియన్నా, బెర్లిన్ కాదు.

అదే వియన్నాకు చెందిన రిచర్డ్ బెర్గ్‌మన్ ఉదాహరణ పక్కన పెడితే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 1937లో ఆస్ట్రియా తరఫున పురుషుల ప్రపంచ విజేత అతను. యూదుడు కావడంతో దేశం విడిచి ఇంగ్లండ్ చేరుకున్నాడు. 1939లో ఇంగ్లండ్ తరఫున మళ్లీ ప్రపంచ విజేత అయ్యాడు. ఒకే నగరం, ఒకే తరం, ఒకే సంఘటన. ఒకరు ఒక జెండా కిందికి, మరొకరు మరో జెండా కిందికి. దేశాల వారీ పతకాల లెక్కను ఆ కాలానికి వర్తింపజేసేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

కైరో: ఆఖరి కప్పు

1939 మార్చిలో ప్రపంచ పోటీలు తొలిసారి యూరప్ దాటి ఈజిప్టుకు వెళ్లాయి. కోర్బియోన్ కప్పు జర్మనీకే దక్కింది. గెలిచిన జోడీ ప్రిట్సి, డ్యూసెల్‌డార్ఫ్‌కు చెందిన హిల్డె బుస్‌మన్. వాళ్లిద్దరే మహిళల డబుల్స్ కూడా గెలిచారు. సింగిల్స్ ఫైనల్లో మాత్రం ఏడాది క్రితం ప్రిట్సి చేతిలో ఓడిన డెపెట్రిసోవా ఈసారి లెక్క సరిచేసింది. జర్మనీకి ఐదో ఫైనల్ ఓటమి అది.

డెపెట్రిసోవా గెలిచిన కొద్ది రోజులకే, మార్చి 15న, జర్మన్ సేనలు ప్రేగ్‌లో ప్రవేశించాయి. సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. ప్రపంచ పోటీలు మళ్లీ జరిగింది 1947లో, పారిస్‌లో. కైరో తర్వాత జర్మనీ దగ్గరే ఉన్న అసలు కోర్బియోన్ కప్పు, బెర్లిన్ మిత్రరాజ్యాల ఆక్రమణలో ఉన్న రోజుల్లో కనిపించకుండా పోయింది. ఇప్పుడు ఛాంపియన్లు ఎత్తుతున్నది 1949లో చేయించిన ప్రతిరూపం.

యుద్ధం తర్వాత లెక్కలు

ఓడిన జర్మనీకి అంతర్జాతీయ క్రీడల్లోకి వెంటనే ప్రవేశం దొరకలేదు. మళ్లీ ఆస్ట్రియా క్రీడాకారిణి అయిన ప్రిట్సికి ఆ అడ్డు లేదు. 1947లో హంగేరీకి చెందిన గిజెల్లా ఫర్కాష్‌తో కలిసి ప్రపంచ డబుల్స్ గెలిచింది. దాంతో ఆమె పేరు ఆస్ట్రియా, జర్మనీ, మళ్లీ ఆస్ట్రియా అని మూడు విడతలుగా రికార్డుల్లో నిలిచింది. కైరో జట్టులో ఆమె పక్కన నిలబడ్డ బుస్‌మన్‌కు ఆ వెసులుబాటు లేదు. ఇద్దరిదీ ఒకే కప్పు, ఒకే డబుల్స్ పతకం. యుద్ధానంతరం దారులు వేరయ్యింది ఆటలో తేడా వల్ల కాదు.

యుద్ధం మధ్యలో పోయిన ఎనిమిదేళ్లు ఒక తరాన్ని పూర్తిగా మింగేశాయి. 1936లో ప్రేగ్‌లో ఫైనల్ ఆడిన క్రీడాకారిణికి 1947 నాటికి అత్యుత్తమ వయసు దాటిపోయింది. తర్వాత ఆటే మారిపోయింది. 1952లో ప్రపంచ పోటీలు తొలిసారి ఆసియాకు, బొంబాయికి వచ్చినప్పుడు జపాన్‌కు చెందిన హిరోజి సాతో మందపాటి స్పాంజి బ్యాట్‌తో పురుషుల టైటిల్ గెలిచాడు. బంతి తగిలిన చప్పుడే వినబడని ఆ బ్యాట్, నెట్టుడు ఆటకు కాలం చెల్లిందని తేల్చేసింది. ఆ పోటీల్లో కోర్బియోన్ కప్పు జపాన్ మహిళలది, సింగిల్స్ రుమేనియాకు చెందిన ఏంజెలికా రోజియాను వరస టైటిళ్లలో ఒకటి. ఆ రోజుల్లో మన దేశంలో మహిళల జాతీయ టైటిల్ హైదరాబాద్‌కు చెందిన సుల్తానాది, 1949 నుంచి 1954 దాకా వరసగా.

యుద్ధానంతర జర్మన్ మహిళల టేబుల్ టెన్నిస్ రెండు దేశాలుగా చీలింది. పశ్చిమ జర్మనీ బలం కొంతవరకు బయటి నుంచి వచ్చింది. హంగేరీ తరఫున ప్రపంచ డబుల్స్ గెలిచిన ఆగ్నెష్ షిమోన్, ఇంగ్లండ్ ప్రపంచ డబుల్స్ విజేత డయేన్ రో ఇద్దరూ తర్వాత పశ్చిమ జర్మనీకి ఆడారు. జర్మన్ ఆటగాడు ఎబర్‌హార్డ్ షోలర్‌ను పెళ్లాడిన రో, రికార్డుల్లో డయేన్ షోలర్ అయింది. 2016 రియో ఒలింపిక్స్‌లో జట్టు రజతం గెలిచిన ముగ్గురిలో ఇద్దరు, హాన్ యింగ్, షాన్ షియావోనా, చైనాలో పుట్టినవారు. 1938లో ప్రిట్సి విషయంలో సైన్యం చేసిన పనిని ఇక్కడ పెళ్లిళ్లు, ఉద్యోగాలు, పౌరసత్వ చట్టాలు చేశాయి. పద్ధతి పూర్తిగా వేరు కాబట్టి రెంటినీ ఒకే గాటన కట్టలేం. దేశం పేరు కింద రాసిన పతకం ఎక్కడ తయారైందన్న ప్రశ్న మాత్రం రెండు చోట్లా తప్పదు.

సింగిల్స్ ఫైనల్‌కు మరో జర్మన్ అమ్మాయి చేరడానికి కైరో తర్వాత ముప్పై ఏళ్లు పట్టింది. 1969 మ్యూనిఖ్‌లో గాబ్రియెలె గైస్లర్ జపాన్‌కు చెందిన తోషికో కొవాదా చేతిలో ఓడింది. పోటీలు జరిగింది పశ్చిమ జర్మనీలో, గైస్లర్ ఆడింది తూర్పు జర్మనీ తరఫున. అందుకే చాలా జాబితాల్లో జర్మనీ అని వెతికితే ఆమె పేరు రాదు.